మామూ చేతికింద బంతి



ఇంట్లో బుజుర్గు చెయ్యి వణకడం మొదలవగానే మనం చేసే మొదటి పని, ఆ చేతిలోంచి వస్తువు తీసేసుకోవడం. టీ కప్పు మనమే పట్టుకుంటాం. స్కూటర్ తాళం దాచేస్తాం. గడ్డం మనమే గీస్తామంటాం. కొన్నిటిలో అది జరూరీయే, కాదనను. బండి విషయంలో నేనూ అదే చేస్తాను. కానీ కొన్నిటిలో అది ఒట్టి తొందర. వస్తువు మార్చితే సరిపోయే చోట మనిషిని పక్కన కూర్చోబెట్టేస్తాం. పైగా దానికి ఖిద్మత్ అని పేరు పెడతాం.

ఈసారి నేను రాయబోయేది చాలామందికి విచిత్రంగా ఉంటుంది. ట్రాక్‌బాల్ గురించి. అంటే మౌస్‌కి బదులు వాడే వస్తువు. ఒక డబ్బా, దాని నెత్తిన సగం మునిగిన బంతి. డబ్బా ఎక్కడిదక్కడే ఉంటుంది. వేళ్ళతో బంతి తిప్పితే తెర మీద బాణం కదులుతుంది. "మేమెప్పుడూ చూడలేదు భాయీ" అనకండి, చూశారు. మీ ఇంటి ఆడపిల్లని కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు, డాక్టరమ్మ ఒక చేత్తో పొట్ట మీద మీట జరుపుతూ రెండో చేత్తో మెషీన్ మీద ఏదో గుండ్రటిదాన్ని తిప్పుతుంటుంది చూడండి, అదే. బిడ్డ తల కొలత తీసేటప్పుడు ఈ చివర ఒక గుర్తు, ఆ చివర ఒక గుర్తు పెట్టేది ఆ బంతితోనే. అంత నాజూకు పనికి మౌస్ పెట్టలేదు, బంతి పెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుకి పనికొస్తుంది.

మా మామూ కువైట్‌లో ఎనిమిదేళ్ళు స్టోర్ కీపరుగా చేశారు. 1989లో పాతపట్నం తిరిగొచ్చేశారు. మరుసటేడు ఆగస్టులో ఇరాక్ ఫౌజు కువైట్‌లో దిగింది. అప్పుడు విమానాల్లో తీసుకొచ్చిన మనవాళ్ళు లక్షా డెబ్భై వేల పైచిలుకు. వాళ్ళలో చాలామంది ఒక్క సంచీతో దిగారు. మామూ ముందే వచ్చారు కాబట్టి సామానంతా తెచ్చుకోగలిగారు. బొంబాయిలో కస్టమ్స్ దాటి, పెద్ద రైళ్ళు దాటి, నౌపడాలో దిగి, అక్కణ్ణించి గుణుపూర్ వెళ్ళే చిన్న రైలు ఎక్కి పాతపట్నం స్టేషన్లో దిగారట. ఆ నేరో గేజ్ బండి ఇప్పుడు లేదు, బ్రాడ్ గేజ్ అయిపోయింది. కానీ ఆ బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పెట్టె మాత్రం ఇంకా ఉంది. అదే సఖ్ర్ కంప్యూటర్.

సఖ్ర్ పేరు నేటి పిల్లలకి తెలియదు. 1983లో జపాన్ కంపెనీలూ మైక్రోసాఫ్టూ కలిసి ఎం.ఎస్.ఎక్స్. అని ఒక పద్ధతి పెట్టాయి. ఎవరు తయారు చేసినా ఒకరి కార్ట్రిడ్జ్ ఇంకొకరి మెషీన్లో నడవాలన్నది దాని అసలు ఉసూల్. కువైట్‌లో మొహమ్మద్ అల్-షారిఖ్ అనే ఆయన తన అల్-ఆలమియా కంపెనీ ద్వారా ఆ మెషీన్లకి అరబీ నేర్పించి సఖ్ర్ పేరుతో అమ్మారు. అరబీ హురూఫ్ ఇంట్లోని టీవీ తెర మీద, ఇంటి పిల్లాడి కీబోర్డు నుంచి పడటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఖురాన్‌నీ, హదీస్ కితాబుల్నీ కంప్యూటర్లోకి ఎక్కించిన తొలి సంస్థల్లో వాళ్ళదొకటి. ఆయన 2024లో ఇంతెకాల్ అయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మన ఉర్దూ పత్రికల్లో ఆ ఖబర్ చిన్నదిగా కూడా నాకు కనపడలేదు. పోనీండి.

మామూ ఆ పెట్టెతోపాటు బొమ్మలు గీసే కార్ట్రిడ్జ్ ఒకటి, దానికో మౌస్ కూడా తెచ్చారు. ఆయన షౌక్ అదే. మెహందీ బేల్‌లు, జాలీ డిజైన్లు, కిటికీలకి పెట్టే చెక్క నఖ్షీలు గీసేవారు. మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల నికాహ్‌లకి చేతుల మీద పెట్టిన మెహందీ ముందు టీవీ తెర మీదే పుట్టింది. తెర వెడల్పుకి 256 చుక్కలు, ఎత్తుకి 192 చుక్కలు, పదహారు రంగులు. అంతే.  ఆ కొద్దిపాటి జాగాలో ఆయన చుక్క చుక్కా పేర్చి గీసేవారు. ఆడపిల్లలు కాగితం మీదకి దింపుకునేవారు. పర్లాకిమిడి నుంచి కూడా ఆయన దగ్గరికి డిజైన్ల కోసం వచ్చేవారు. తెలుగూ ఒడియా ఉర్దూ అన్నీ ఆ వసారాలోనే.

ఇప్పుడాయన వయసు డెబ్భై నాలుగు. కుడిచేతికి రాషా వచ్చింది, వణుకు. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటారు. మౌస్ పట్టుకుంటే బాణం తెర మీద దోమలా ఎగురుతుంది. "బేటా, యే హాథ్ మేరీ బాత్ నహీ సున్‌తా" అన్నారొకసారి, నవ్వుతూనే. తరవాత మౌస్ మానేసి బాణం మీటలతో గీయడానికి చూశారు. ఒక్కో చుక్కకి ఒక్కో నొక్కు. జొహర్ నుంచి అసర్ వరకు కూర్చుంటే నాలుగు రేకుల పువ్వొకటి వచ్చింది. ఆ పైన నాలుగు నెలలు పెట్టె మీద గుడ్డ కప్పేశారు.

విశాఖపట్నంలో ఉండే మామూ కొడుకు, మా భాయ్‌జాన్, మంచివాడు. తండ్రి మీద మొహబ్బత్ ఉన్నవాడు. ఆయన మాట ఏమిటంటే: ఆ పాత పెట్టె కబాడీకి ఇచ్చేద్దాం, నాన్నకి మంచి టాబ్లెట్ కొనిస్తా, వేలితో గీసుకోవచ్చు. తెచ్చాడు కూడా. వణికే వేలికి టచ్ తెర ఎంత జులుమో అప్పుడు చూశాం. ఒకసారి ముట్టుకుంటే రెండుసార్లు ముట్టుకున్నట్టు లెక్కవేస్తుంది. పెద్దది చేయబోతే చెరిగిపోతుంది. గీత గీస్తుంటే మధ్యలో ఇంకేదో తెరుచుకుంటుంది. మామూ ఆ టాబ్లెట్‌ని శుభ్రంగా తుడిచి, డబ్బాలో పెట్టి, మనవరాలికి ఇచ్చేశారు.

ఇక్కడే నా రాయ్ చెప్తాను. వణుకు చేతిలో ఉందన్నది నిజమే. కానీ ఆ వణుకుని తెర మీదకి మోసుకెళ్ళేది మౌస్. మౌస్ అంటే చెయ్యీ, మణికట్టూ, మోచెయ్యీ, ఒక్కోసారి భుజం కూడా కలిసి జరపాల్సిన బండి. చివరాఖరికి బాణం సరైన చోట నిలబడిందనుకోండి, అప్పుడు మీట నొక్కాలి. మీట ఆ బండి మీదే ఉంది. నొక్కగానే బండి కదులుతుంది, గురి తప్పుతుంది. ట్రాక్‌బాల్‌లో డబ్బా కదలదు. అరచెయ్యి దాని మీద బరువుగా ఆనించి ఉంచొచ్చు. ఆ బరువే వణుకుని కొంత పట్టి ఉంచుతుంది. బాణాన్ని తెచ్చి ఆపాక, బంతి మీంచి వేలు తీసేసి, తీరిగ్గా ఇంకో వేలితోనో ఎడమచేత్తోనో మీట నొక్కొచ్చు. బాణం పెట్టిన చోటే ఉంటుంది. గురి వేరు, నొక్కు వేరు. ఈ రెండూ విడిపోవడమే మామూలాంటివాళ్ళకి అసలు ఫాయిదా. ఇది దవా కాదు, వణుకు తగ్గించదు. అందరికీ పడుతుందని కూడా అనను. మోకాలి నొప్పికి చేతికర్ర ఎంతో, ఇదీ అంతే. అయితే చేతికర్ర కొనడానికి మనం ఆలోచించం కదా?

ఈ బంతి చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే "ఇదేదో కొత్త ఆటవస్తువు" అనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నిజానికి ఇది మౌస్‌కి అన్నయ్య. 1946లో బ్రిటిష్ నేవీ కోసం పనిచేస్తున్న రాల్ఫ్ బెంజమిన్ రాడార్ తెర మీద గురి పెట్టడానికి రోలర్ బాల్ తయారు చేశాడు. మిలిటరీ రహస్యం కాబట్టి బయటికి రాలేదు. 1952లో కెనడా నేవీ వాళ్ళ డాటర్ అనే ప్రాజెక్టులో ముగ్గురు ఇంజినీర్లు అదే పని ఇంకోలా చేశారు. వాళ్ళు వాడిన బంతి ఏమిటో తెలుసా? కెనడాలో ఆడే ఫైవ్ పిన్ బౌలింగ్ ఆట బంతి. దుకాణంలో దొరికే బంతి! నాకు ఈ కిస్సా చాలా ఇష్టం. తరవాత జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజినీర్లు రాడార్ టేబుల్‌లో బిగించిన బంతిని చూసి, దీన్నే తిరగేసి టేబుల్ మీద దొర్లిస్తే పోలా అనుకున్నారు. 1968 అక్టోబర్లో దాన్ని రోల్‌కూగెల్ అనే పేరుతో బయటపెట్టారు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన మౌస్‌ని జనం ముందు చూపించింది అదే ఏడు డిసెంబర్ 9న. అంటే బంతి ఉన్న మౌస్ అన్నది బోర్లా పడుకోబెట్టిన ట్రాక్‌బాలే. నెట్ సెంటర్ల కాలంలో మౌస్ అడుగున మూత తిప్పి బంతి కాజేసి గోళీలాడిన కుర్రాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి ఇది బాగా తెలుసు.

ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చిన కాలంలో కూడా ట్రాక్‌బాల్ పక్కనే ఉంది. అటారీ వాళ్ళ మిసైల్ కమాండ్ 1980లోది, సెంటిపీడ్ 1981లోది. రెండూ బంతితో ఆడే ఆటలే. సెంటిపీడ్ రాసినవాళ్ళలో ఒకరు డోనా బెయిలీ అనే ఆవిడ. ఆడపిల్లలున్న తల్లిదండ్రులకి చెప్తున్నాను, ఊరికే. ఆ తరవాత అటారీ తన ఇంటి మెషీన్లకి కూడా ట్రాక్‌బాల్ అమ్మింది. దానికో స్విచ్ ఉండేది. ఒకవైపు పెడితే నిజమైన ట్రాక్‌బాల్, ఇంకోవైపు పెడితే జాయ్‌స్టిక్‌లా నటించేది. ఇంగ్లండులో బి.బి.సి. మైక్రోకి మార్కోనీ కంపెనీ ట్రాకర్ బాల్ చేసింది. ఆ బి.బి.సి. మైక్రో మన దేశానికీ వచ్చింది. 1984లో మొదలైన క్లాస్ అనే సర్కారీ ప్రాజెక్టు కింద తొలి విడతలో రెండువందల యాభై వరకు స్కూళ్ళకి ఇచ్చినవి అవే. చండీగఢ్ దగ్గర సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్ళు దాన్నే ఎస్.సి.ఎల్. యూనికార్న్ పేరుతో తయారు చేశారు. ఎం.ఎస్.ఎక్స్. వైపు చూస్తే జపాన్‌లో హాల్ లాబొరేటరీ అనే చిన్న కంపెనీ ట్రాక్‌బాల్ చేసింది. 1991లో ఆపిల్ పవర్‌బుక్ ల్యాప్‌టాప్‌ల మధ్యలో ఉన్నదీ బంతే. 2006 తరవాత బ్లాక్‌బెర్రీ ఫోన్ల మధ్యలో వెలిగే తెల్ల గుండు మన గల్ఫ్ కుర్రాళ్ళ జేబుల్లో తిరిగింది కదా, అదీ ఈ ఖాందానే.

కాబట్టి పాత కంప్యూటర్ల షౌక్ ఉన్న కొందరు "పాత మెషీన్‌కి దాని అసలు సామానే పెట్టాలి, ఇలాంటివి తగిలిస్తే దాని ఇజ్జత్ పోతుంది" అని నాతో వాదించినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ మెషీన్ల కాలంలోనే ట్రాక్‌బాల్ ఉంది. ఆ మెషీన్లలో చాలావాటికి డబ్బాలో మౌస్ ఇవ్వనే లేదు. అసలు ఏది, నకిలీ ఏది? ఇక అద్దాల బీరువాలో పెట్టి, కరెంటు కూడా చూపించకుండా దాచిన మెషీన్‌కి ఇజ్జత్ ఉందనీ, ఒక ముసలాయన రోజూ వాడుకుంటున్న మెషీన్‌కి లేదనీ నేను మానలేను.

సరే, అసలు పని ఎలా జరిగిందో చెప్పాలి. మా ఆపా కొడుకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడు విశాఖలో పాత సామాన్ల కొట్టులో ఒక ట్రాక్‌బాల్ పట్టుకొచ్చాడు. పెద్ద బంతి, పక్కన రెండు వెడల్పాటి మీటలు, వెనక పి.ఎస్.-2 ప్లగ్గు. అదే, పెంటియం కంప్యూటర్ల వెనక పచ్చరంగు గుండ్రటి రంధ్రంలో పెట్టేది. మామూ సఖ్ర్‌లో అలాంటి రంధ్రం లేదు. తొమ్మిది పిన్నుల జాయ్‌స్టిక్ పోర్టు ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. తొమ్మిది పిన్నుల పోర్టు అటారీకీ ఉంది, కమొడోర్‌కీ ఉంది, అమీగాకీ ఉంది, ఎం.ఎస్.ఎక్స్‌కీ ఉంది. చూడ్డానికి అన్నీ ఒకటే. ప్లగ్గు చక్కగా దిగిపోతుంది కూడా. లోపల తీగలు మాత్రం వేరు. అటారీలో 5 వోల్టుల కరెంటు ఏడో పిన్నులో వస్తుంది, ఎర్త్ ఎనిమిదో పిన్ను. ఎం.ఎస్.ఎక్స్‌లో కరెంటు ఐదో పిన్నులో, ఎర్త్ తొమ్మిదో పిన్నులో. అమీగా మౌస్‌కీ అటారీ ఎస్.టి. మౌస్‌కీ కరెంటు తీగలు కలిసినా, కదలిక చెప్పే తీగల వరస తారుమారు. కాబట్టి సూరత్ చూసి నిస్బత్ ఖాయం చెయ్యకండి. మీటరు పెట్టి చూశాకే ప్లగ్గు పెట్టండి.

మావాడు మధ్యలో ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టాడు. బంతి చెప్పే పి.ఎస్.-2 భాష అది విని, సఖ్ర్‌కి అర్థమయ్యే భాషలోకి తర్జుమా చేస్తుంది. ముందు సులువైన పద్ధతి పెట్టాడు, జాయ్‌స్టిక్‌లా నటించడం. ఎం.ఎస్.ఎక్స్. బేసిక్‌లో స్టిక్ అనే ఫంక్షన్ ఉంది. అది సున్నా నుంచి ఎనిమిది వరకు ఒక అంకె ఇస్తుంది. సున్నా అంటే కదలిక లేదు, 1 అంటే పైకి, 3 అంటే కుడికి, అలా గడియారం తిరిగినట్టు ఎనిమిది దిక్కులు. ఇరవై లైన్ల ప్రోగ్రాంతో బంతి తిప్పితే చుక్క నడిచింది. ఒక్క సాయంత్రం పని. మేమంతా మాషా అల్లాహ్ అన్నాం. మామూకి మాత్రం నచ్చలేదు. "జల్దీ తిప్పినా అంతే పోతోంది, మెల్లగా తిప్పినా అంతే పోతోంది. ఇది బంతి కాదు, మీటే" అన్నారు. ఆయన మాట అక్షరాలా సహీ. జాయ్‌స్టిక్ దిక్కు చెప్తుంది, ఎంత దూరమో చెప్పదు. ట్రాక్‌బాల్ ప్రాణమంతా ఆ "ఎంత"లోనే ఉంది. వేళ్ళతో ఒక్క తోపు తోస్తే తెర ఈ చివర్నుంచి ఆ చివరకి పోవాలి, గోరుతో కదిపితే ఒక్క చుక్క జరగాలి.

దాంతో వాడు రెండో పద్ధతికి దిగాడు, ఎం.ఎస్.ఎక్స్. మౌస్‌లా నటించడం. దీనికి రెండు వారాలు పట్టింది. ఎం.ఎస్.ఎక్స్. మౌస్ విచిత్రంగా మాట్లాడుతుంది. మెషీన్ ఎనిమిదో పిన్ను మీద తట్టి అడుగుతుంది. తట్టిన ప్రతిసారీ మౌస్ నాలుగు బిట్ల ముక్క ఇస్తుంది. అడ్డం కదలిక రెండు ముక్కల్లో, నిలువు కదలిక రెండు ముక్కల్లో. మొత్తం నాలుగు తట్లకి ఒక జవాబు. ఒక్క తట్టు తప్పిపోయిందా, అడ్డం నిలువవుతుంది. వాడు నిద్రలో కూడా తట్లు లెక్కపెట్టాడని ఆపా ఫిర్యాదు. చివరికి కుదిరింది. 1980లనాటి కార్ట్రిడ్జ్ ఆ బంతిని చూసి మౌస్ అనుకుని ఒప్పుకుంది.

మామూ మొదట గీసినది సీదా గీత. ఆ తరవాత ఒక ఆకు. వారం తిరిగేసరికి బేల్. బంతిని ఎడమచేతి చూపుడువేలితో తిప్పుతారు, కుడిచేతి మడమ మీటల మీద ఆనించి ఉంచుతారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆ ఏర్పాటు ఆయనే చేసుకున్నారు. గీత ఇప్పటికీ అక్కడక్కడ వంకరపోతుంది. ఒక మూల చెరిపి మూడుసార్లు గీస్తారు. కానీ గీస్తున్నారు. మనవరాలికి రంజాన్ ఈద్‌కి చేతి మీద పెట్టిన డిజైన్ ఆయనదే.

ఇంకో మాట కూడా విన్నాను, మసీదు దగ్గర. "ఈ వయసులో ఆయనకి కంప్యూటరెందుకు? తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చోక" అని. అన్నవారి పేరు రాయను, పెద్దవారు. తస్బీహ్ ఆయన తిప్పుతారు. ఫజర్ తరవాత ఎవరైనా వచ్చి చూడొచ్చు. నిజం చెప్పాలంటే బంతి ఆయనకి అంత తొందరగా అలవాటవడానికి అదే సబబ్ అని నాకనిపిస్తుంది. అరవై ఏళ్ళుగా గింజ మీద గింజ జరిపిన వేలికి మెల్లగా, ఆగి ఆగి కదలడం కొత్తగా నేర్పక్కర్లేదు. ఇబాదత్ ఇబాదత్ చోట ఉంది, హునర్ హునర్ చోట ఉంది. మన పెద్దల్లో కాతిబులున్నారు, దర్జీలున్నారు, జిల్దు కట్టేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ నమాజు మానేసి ఆ పనులు చెయ్యలేదు. ముసలాయన చేతి పని మనకి ఎందుకు కంటగింపు అవ్వాలి?

ఇక మీ ఇళ్ళ సంగతి. సఖ్ర్ అందరిళ్ళల్లోనూ ఉండదు. కానీ విండోస్ 98, ఎక్స్‌పీ కాలం పెంటియం డబ్బాలు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. వాటిలో అబ్బాజాన్ దుకాణం లెక్కలో, అమ్మీ పాటల ఖజానానో, ఇన్‌పేజ్‌లో కూర్చిన పాత నికాహ్ కార్డులో ఉండిపోయి ఉంటాయి. వాటికి ట్రాక్‌బాల్ పెట్టడానికి మావాడిలా రెండు వారాలు కష్టపడక్కర్లేదు. పి.ఎస్.-2 ప్లగ్గుదైతే నేరుగా పెట్టెయ్యండి. కంప్యూటర్ ఆపి పెట్టండి, నడుస్తుండగా పి.ఎస్.-2 పీకడం పెట్టడం మంచిది కాదు. యు.ఎస్.బి. ఉన్న మెషీన్ అయితే నేడు కొత్తగా దొరికేవీ పనిచేస్తాయి. యు.ఎస్.బి. ట్రాక్‌బాల్‌ని పి.ఎస్.-2కి మార్చే చిన్న పచ్చ ముక్కలు దొరుకుతాయి కానీ అవి అన్నిటికీ పనిచెయ్యవు. ట్రాక్‌బాల్‌కి రెండు భాషలూ వస్తేనే ఆ ముక్క పనికొస్తుంది. అమ్మేవాణ్ణి అడిగి, కొట్లోనే పెట్టి చూసి కొనండి.

వీటిలో రెండు రకాలున్నాయి. బొటనవేలితో తిప్పే చిన్న బంతివి, మిగతా వేళ్ళతో తిప్పే పెద్ద బంతివి. బొటనవేలివి ఎక్కువగా కుడిచేతికి సరిపడా వంపుతో చేస్తారు, అలాంటివి ఎడమచేతివాళ్ళకి నప్పవు. వణుకున్నవాళ్ళకీ, కీళ్ళ నొప్పులున్నవాళ్ళకీ నా సలహా పెద్ద బంతే. బరువైన బంతి చిన్న చిన్న అదురుల్ని పట్టించుకోదు. ఒక్కటి మాత్రం కష్టం: మీట నొక్కిపట్టి లాగడం. మౌస్‌తో సులువుగా అయ్యే ఆ పని బంతితో చికాకు పెడుతుంది. ఎక్స్‌పీలో దీనికి క్లిక్‌లాక్ అనే ఏర్పాటు ఉంది. మీట కాసేపు నొక్కి వదిలేస్తే, నొక్కిపట్టినట్టే ఉండిపోతుంది, మళ్ళీ నొక్కేదాకా. కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ దగ్గర చూడండి. డబుల్ క్లిక్ వేగం కూడా అక్కడే తగ్గించండి.

కొనే తాకత్ లేకపోతే? ఖరీదు మామూలు మౌస్ కంటే ఎక్కువే, దాచను. అలాంటప్పుడు ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కండి. మౌస్ కీస్ తెరుచుకుంటుంది. కీబోర్డు కుడివైపు అంకెలతో బాణం కదుల్తుంది, మధ్యలో ఐదు నొక్కితే క్లిక్. ముఫ్తుగా వస్తుంది. నిదానంగా ఉంటుంది, బొమ్మలకి పనికిరాదు, ఉత్తరం తెరిచి చదవడానికి చాలు.

సఫాయి సంగతి. మౌస్ బల్ల మీది దుమ్ము తింటుంది, ట్రాక్‌బాల్ మన వేళ్ళ జిడ్డు తింటుంది. మా పాతపట్నంలో నూర్పుల రోజుల్లో కళ్ళాల దుమ్ము కూడా చేరుతుంది. బంతి పట్టేసినట్టు తిరిగితే పాడైందనుకుని పడెయ్యకండి. చాలావాటికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, పెన్సిలుతో తోస్తే బంతి పైకొస్తుంది. లోపల బంతి ఆనే మూడు చిన్న ముత్యాల్లాంటివి కనపడతాయి, వాటి చుట్టూ మురికి కట్టి ఉంటుంది. అగ్గిపుల్లకి దూది చుట్టి తీసెయ్యండి. పాతరకం వాటిలో రెండు రోలర్లుంటాయి. వాటి చివర పళ్ళ చక్రాలు, పక్కన ఇన్‌ఫ్రారెడ్ దీపం. చక్రం తిరిగినప్పుడు వెలుతురు తెగి తెగి పడుతుంది, ఆ తెగినవే కంప్యూటర్ లెక్కపెడుతుంది. రోలర్ మీద గీతలా కట్టిన మురికిని గోరుతో గీకొచ్చు, దీపాన్ని ముట్టుకోకండి. నూనె మాత్రం వెయ్యకండి, కొబ్బరినూనె అసలే వద్దు. మా ఇంట్లో ఎవరో ఆ సలహా ఇచ్చారు కాబట్టి రాస్తున్నాను.

భాయ్‌జాన్ పోయిన నెల వచ్చి తండ్రి గీస్తుంటే వెనక నిలబడి చూశాడు. కబాడీ మాట ఎత్తలేదు. ఆ టీవీ పాతదైపోయింది, వేరేది చూస్తానన్నాడు. ఆ రంగుల పాత టీవీ ఇప్పుడెక్కడా దొరకడం లేదు, అదింకో తకలీఫ్.

కువైట్, దుబాయ్, సౌదీల నుంచి ఆ రోజుల్లో వచ్చిన సఖ్ర్ పెట్టె మీ అటక మీద ఉంటే వెంటనే కరెంటు పెట్టెయ్యకండి. అక్కడి అడాప్టరు ఎన్ని వోల్టులదో చూడండి, లోపల కెపాసిటర్లు ఉబ్బాయేమో తెలిసినవాడితో చూపించండి. దాంతో వచ్చిన కేసెట్లుంటే అవీ ఉంచండి. మామూవి రెండు బూజు పట్టి పోయాయి. వాటిలో ఒకటి అరబీ ఖత్ నేర్పేది. ఎవరిదగ్గరైనా ఉంటే ఒక్కసారి కాపీ చేసుకుని తిరిగిచ్చేస్తాను, ఇన్‌షా అల్లాహ్.